ఊళ్లో లేని భూషణం

భూషణం పాస్‌పోర్టు ఫారం నింపింది నేనే. కాబట్టి ఈ వ్యవహారంలో జరిగిన తెలివితక్కువతనంలో నా వాటా నాకుంది. గుల్లలపాలెంలో ఎవరినడిగినా "మేష్టారు రాసిన రాత అట్టా తగలడింది" అంటారు. అననీయండి. పదకొండేళ్లు ఆ ఊరి పిల్లల చేత గుణింతాలు దిద్దించినవాణ్ణి, ఆ మాత్రం మాట పడలేనా.

నా పేరు సత్యానందం. మాది గుడ్లవల్లేరు దగ్గర. 1986లో టీచరు ఉద్యోగం ఇచ్చి, కృత్తివెన్ను దాటాక రొయ్యల చెరువులన్నీ అయిపోయి ఇక సముద్రమే మిగిలిన చోట, ఆ చేపలవాళ్ల పాలెంలో పడేశారు. బడికి నేనొక్కణ్ణే పంతుల్ని. బడి అంటే తుఫాను షెల్టరు మేడ మీది గది. తుఫానొస్తే అందులో ఊరు ఉంటుంది, రాకపోతే పిల్లలు ఉంటారు. నేనూ, నా భార్య భాగ్యమ్మా పక్కనే రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. ఊళ్లో క్రైస్తవుల ఇల్లు మాదొక్కటే. ఆదివారం ప్రార్థనకి కృత్తివెన్ను వెళ్లేవాళ్లం. తక్కిన ఆరు రోజులూ మేమూ పాలెం మనుషులమే.

భూషణం మర పడవ నడిపే సరంగు. నలభై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ మనిషి. తాడుకి కట్టిన సీసపు గుండుని సముద్రంలోకి దింపి, దానికి అంటుకొచ్చిన బురదని వేళ్ల మధ్య నలిపి, ఇక్కడ ఫలానా చేప ఉంది, వల దింపండి అనేవాడు. పదిసార్లు చెబితే ఎనిమిదిసార్లు నిజమయ్యేది. మిగిలిన రెండుసార్లూ తప్పు చేపదేనని ఊరు నమ్మేది. ముప్పై నాలుగేళ్లకే ఆయన్ని కులపెద్దని చేశారు. ఆయన మాట మీద ఎదురు మాట నేనైతే వినలేదు.

అలాంటివాడికి, ఈ ఫారం గొడవకి రెండేళ్ల ముందు దెబ్బ తగిలింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి దారి మారింది. ఆ దారి జాగ్రత్త అని ఊరందరికీ చెప్పిందీ ఆయనే, ఒక తెల్లవారుజామున దానికి తగిలి పడవ నడుం విరగ్గొట్టుకున్నదీ ఆయనే. మనుషులు ఈదుకొచ్చారు, పడవ రాలేదు. అప్పటినుంచీ భూషణం, ఊళ్లోనే శ్రీను అనే కుర్రాడి పడవ మీద కలాసీగా, అంటే తాళ్లు లాగే కూలీగా వెళ్తున్నాడు. శ్రీనుకి చుక్కాని పట్టడం నేర్పింది ఈయనే. ఆ కుర్రాడు సిగ్గుపడి "చుక్కాని నువ్వు పట్టు మావయ్యా" అంటే, "పడవ ఎవడిదో చుక్కాని వాడిదిరా" అని వెళ్లి వరసలో నిలబడేవాడు. ఆ మనిషి అలా పదిమందిలో ఒకడిగా తాడు లాగుతుంటే మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

1997 నవంబరులో గుడివాడ నుంచి ఒక ఏజెంటు కబురు చేశాడు. బహ్రెయిన్‌లో పడవలున్న ఒకాయనకి సముద్రం బాగా తెలిసిన సరంగు కావాలిట. మూడేళ్లు అక్కడ నడిపితే తిరిగొచ్చి సొంత పడవ దింపుకోవచ్చు. వీసా మార్చి నెలాఖరు దాకా ఆపుతారు, ఈలోగా పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. ఇన్ని మాటల్లో సొంత పడవ అన్న మాట తప్ప భూషణం చెవికి ఇంకేదీ ఎక్కలేదు.

మా అరుగు మీద కూర్చుని ఫారం తెరిచాం.

"పుట్టిన తేదీ చెప్పండి భూషణంగారూ."

"రొయ్య విరగపడిన ఏడాదంట మేష్టారూ. మా అమ్మ చెప్పేది."

రొయ్య విరగపడిన ఏడాదంటే హైదరాబాదు ఆఫీసువాళ్లు ఒప్పుకోరు. మా బడి రిజిస్టరులో సగంమంది పిల్లలు పుట్టిన జూలై ఒకటో తేదీనే ఆయనకీ ఇచ్చాను. ఒంటి మీద కనిపించే గుర్తులు రెండు రాయమన్నారు. ఆయన చొక్కా విప్పాడు. జెల్ల చేప ముల్లు దిగిన మచ్చ, తాడు కోసిన గీత, ఇంజను కాల్చిన చోటు, ఎన్నని చెప్పను. ఇద్దరం కాసేపు వాదించుకుని అందులో రెండింటిని ఎంచాం.

"ఇంతకుముందు విదేశం వెళ్లారా అని అడుగుతున్నారు."

భూషణం చాలాసేపు ఆలోచించాడు. "సముద్రంలో ఎంత దూరం పోతే విదేశం అవుద్ది మేష్టారూ?"

నాకూ తెలియదు. లేదని రాశాను. ఈ చిరునామాలో ఎన్నాళ్లుగా ఉంటున్నారన్న చోట 'పుట్టినప్పటినుంచీ' అని రాశాను. మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు ఇవ్వమంటే ఒకటి టీకొట్టు నాంచారయ్య పేరు, రెండోది నా పేరు ఇచ్చాం. 'పదకొండు సంవత్సరాలుగా వీరిని బాగా ఎరుగుదును' అని గుండ్రని అక్షరాలతో రాసి కింద సంతకం చేశాను. ఆ వాక్యం గుర్తుకొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

"పోలీసు ఎంక్వైరీ ఒకటి వస్తుంది. మూడు నెలలు పట్టొచ్చు, తొందరేం లేదు" అని ధైర్యం కూడా చెప్పాను. గవర్నమెంటు జీతం తింటున్నాను గదా, గవర్నమెంటు సంగతి నాకు తెలుసనుకున్నాను.

ఇక్కడ ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. పెద్దలు కూర్చుని ఊరంతటికీ వేసే ఆంక్షని మా వైపు దురాయి అంటారు. దాన్ని తప్పినవాడు అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, ఆపైన ఆరు నెలలు వాణ్ణి ఎవరూ పలకరించరు. రెండోదే పెద్ద శిక్ష. నేను వెళ్లిన కొత్తలో పక్క పాలెంతో వలల గొడవొకటి జరిగింది. పోలీసులు వచ్చి "అయ్యప్ప ఇల్లెక్కడ" అని అడిగితే ఊళ్లోవాళ్లు అమాయకంగా వేలు పెట్టి చూపించారు. గొడవ జరిగిన రోజు ఆ అయ్యప్ప అసలు ఊళ్లోనే లేడు. ఆ సంగతి స్టేషనులో తేలేసరికి మూడు రోజులు పట్టింది. తిరిగొచ్చాడు గానీ కుడి చెయ్యి భుజం దాకా లేవడం మానేసింది. ఇరవై ఏళ్ల కుర్రాడు వేటకి పనికిరాక, ఎండబెట్టిన చేపల దగ్గర కూర్చుని కాకుల్ని తోలే పనికి దిగాడు. ఆ వారమే భూషణం అందర్నీ రామాలయం దగ్గర కూర్చోబెట్టి దురాయి వేశాడు. ఖాకీ బట్టలు వచ్చి ఎవరి పేరు అడిగినా, ఆ మనిషి ఈ ఊళ్లో లేడు. అంతే. పదేళ్లలో అది ఒక్కసారి తప్పలేదు. మా బడి పిల్లలకి రెండో ఎక్కం కంటే ముందు అదే వచ్చేది.

ఎంక్వైరీ మూడు నెలలకి రాలేదు. పదిహేడో రోజున వచ్చింది. సర్కారు పని పదిహేడు రోజుల్లో కదులుతుందని ఏ మానవుడైనా కలగంటాడా? పైగా సరిగ్గా ఆ వారమే శ్రీను పడవ అడుగున తిరిగే ఫ్యానుకి పక్క పాలెంవాళ్ల వల చుట్టుకుంటే, వాడు కత్తి తీసి కోసేశాడు. వాళ్లు కేసు పెడతామని వెళ్లారు. ఊరంతా పోలీసుల కోసం కళ్లలో వత్తులు వేసుకుని చూస్తోంది.

భూషణం ఆ రోజు వేటలో ఉన్నాడు. చెరువు గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ ఒక కానిస్టేబులు రావడం షెల్టరు మేడ మీది నుంచి నేనే ముందు చూశాను. పేరు వీరాంజనేయులు. ఎండకి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. టీకొట్టు దగ్గర దిగి, "భూషణం అంటే ఎవరయ్యా?" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ ఉద్యోగంలో ఎందుకో చెప్పే అలవాటుండదు.

నాంచారయ్య గ్లాసులు కడుగుతూ, "ఆ పేరు గలవాళ్లు ఈ ఊళ్లో లేరండి" అన్నాడు. అక్కడితో ఆగాల్సింది. అబద్ధం పొట్టిగా ఉంటేనే బతుకుతుందని ఆయనకి తెలియదు. "ఆరేళ్ల కింద ఒకాయన ఉండేవాడండి, ఒరిస్సా వెళ్లిపోయాడు" అని కలిపాడు. బల్ల మీద కూర్చున్న ముసలాయన ఊరుకోకుండా, "పాపం అక్కడే కాలం చేశాడంట" అని పూర్తిచేశాడు. టీ చల్లారేలోగా భూషణాన్ని ఒరిస్సా పంపి, చంపి, దినం కూడా చేసేశారు.

కానిస్టేబులు వెతుక్కుంటూ వెళ్లి సరిగ్గా భూషణం గుమ్మం ముందే ఆగాడు. భూషణం భార్య కొండమ్మ చాప మీద చేపలు ఆరబోస్తోంది.

"ఇది భూషణం ఇల్లా?"

"కాదండి."

"మీ ఆయన పేరేంటి?"

"నాకు మొగుడు లేడండి."

మెడలో పసుపుతాడు, నుదుట రూపాయి కాసంత బొట్టు. ఆయన రెండింటినీ చూసి, "లేకపోవడమేంటమ్మా?" అన్నాడు.

"లేడండి. మొదటినుంచీ లేడు" అంది కొండమ్మ.

చివరికి మెట్లెక్కి నా దగ్గరికొచ్చాడు. "మేష్టారూ, మీరు చదువుకున్నవాళ్లు. నిజం చెప్పండి. ఈ ఊళ్లో భూషణం అనే మనిషి ఉన్నాడా?"

నాకు శ్రీను కోసిన వల గుర్తొచ్చింది. అయ్యప్ప చెయ్యి గుర్తొచ్చింది. పాస్‌పోర్టు మాత్రం గుర్తు రాలేదు. "నేను ఈ ఊరికి కొత్తండి" అన్నాను. ఉపాధ్యాయుని పేరు, చేరిన సంవత్సరం నా చేత్తో నేనే రంగుతో రాసిన బోర్డు నా వెనకాల గోడకి వేలాడుతోంది. ఆయన దానివైపు చూశాడో లేదో తెలియదు. ముప్పై నలుగురు పిల్లలు మాత్రం నావైపు మెచ్చుకోలుగా చూశారు.

మర్నాడు భూషణం ఒడ్డుకి రాగానే ఊరు ఊరంతా ఎదురెళ్లి చెప్పింది. కొండమ్మ పీతల కూర వండింది. 'మొదటినుంచీ లేడు' అన్న మాటని వారం రోజులు ఆడవాళ్లు నీళ్ల దగ్గర చెప్పుకుని నవ్వుకున్నారు. భూషణం కూడా, "బాగా చెప్పావే" అని పెళ్లాన్ని మెచ్చుకున్నాడు. తన దురాయి తన ఇంటి గుమ్మం దాకా వచ్చినా చెక్కు చెదరలేదని ఆయనకి గర్వంగా ఉంది.

జనవరి మూడో వారంలో కృత్తివెన్ను నుంచి వచ్చే పోస్టుమాన్ మోషే హైదరాబాదు కవరు తెచ్చి భూషణం చేతికిచ్చి సంతకం తీసుకున్నాడు. నన్ను పిలిపిస్తే వెళ్లి చదివాను. 'తమరు పై చిరునామాలో నివసించుట లేదని పోలీసు నివేదిక అందినందున' అని మొదలైంది. పై చిరునామా అంటే ఏదో కాదు, మేం కూర్చున్న అరుగే.

మోషే పాపం కంగారుపడ్డాడు. "మరి ఇప్పుడు నేను ఎవరికిచ్చినట్టండి?" అన్నాడు.

కొండమ్మ గోడకి జారబడి కూర్చుని, "నా నోరు పడిపోను" అని చెంపలు వాయించుకుంది. నాంచారయ్య, "పాస్‌పోర్టు కోసమని ఒక్క మాట చెబితే ఆ కానిస్టేబులు సొమ్మేం పోయింది?" అని గొణిగాడు. నేను నా వాక్యం సంగతి ఆలోచిస్తున్నాను. పదకొండు సంవత్సరాలుగా బాగా ఎరుగుదును.

భూషణం కవరు మడిచాడు. "ఎవర్నీ అనమాకండి. కట్టు వేసింది నేను. గట్టిగా వేశానని మురిసింది కూడా నేనే" అన్నాడు.

మర్నాడు నేను సెలవు పెట్టి ఆయన్ని వెంటబెట్టుకుని పెడన మీదుగా బందరు వెళ్లాను. పోలీసువాళ్ల కాగితాలు చూసే ఆఫీసులో గుమాస్తా ఫైలు తిరగేసి, "ఈయన ఆ ఊళ్లో లేడని రాసుంది" అన్నాడు.

"ఈయనేనండి ఆయన. మీ ఎదురుగానే ఉన్నాడు" అన్నాను.

"ఇక్కడున్నాడంటే అక్కడ లేనట్టేగా" అన్నాడు. ఆయన హాస్యమాడుతున్నాడో, నిజంగానే అంటున్నాడో మొహం చూస్తే తెలియలేదు. మధ్యాహ్నం దాకా నిలబెట్టి, ఆఖరికి మళ్లీ ఎంక్వైరీ చెయ్యమని స్టేషనుకి కాగితం రాశాడు.

ఆ కాగితం పట్టుకుని వెళ్తే స్టేషనులో వీరాంజనేయులే ఉన్నాడు. చదివి, భూషణాన్ని ఎగాదిగా చూసి, "ఒరిస్సాలో బాగానే చూసుకున్నారే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "పదకొండేళ్లుగా ఎరుగుదునని రాసి సంతకం పెట్టిన సత్యానందంగారు మీరేనా? ఊరికి కొత్తన్నారు?"

నేల చీలితే బాగుండుననిపించింది. "పొరపాటైందండి" అన్నాను.

"మంగళవారం వస్తాను. ఈసారి ఊళ్లో అందరూ ఉండాలి. అందరూ నిజమే చెప్పాలి. ఒక్క అబద్ధం వినబడినా పాత రిపోర్టే మళ్లీ పంపుతాను. నాకూ పైనున్నవాళ్లు చీవాట్లు పెట్టారు" అన్నాడు. ఆ మనిషి చెడ్డవాడేం కాదు. ఎండలో అంతదూరం సైకిలు తొక్కి పరువు పోగొట్టుకున్నవాడి కోపమది.

భూషణం గురువారం సాయంత్రం రామాలయం దగ్గర పెద్దల్ని కూర్చోబెట్టాడు. పదేళ్లుగా తీర్పులు చెప్పే చోట అడిగేవాడిగా నిలబడ్డాడు. "మంగళవారం ఒక్కరోజు దురాయి సడలించండి. నా కోసం అడుగుతున్నాను" అన్నాడు. ఇవ్వాలని అందరికీ ఉంది. కానీ ఒకసారి విప్పిన ముడి మళ్లీ అంత బిగువుగా పడదని కూడా అందరికీ తెలుసు.

ఆఖరికి అయ్యప్ప లేచాడు. ముప్పై ఏళ్లు దాటాయి వాడికి, పెళ్లి కాలేదు. "నీ పేరు వరకు విప్పుకో పెద్దాయనా. నీ పేరు వరకే. తక్కిన పేర్లకి అది అట్టాగే ఉండాలి" అన్నాడు.

"నా పేరు వరకే" అని భూషణం మాటిచ్చాడు.

తర్వాతి నాలుగు రోజులూ ఊరంతా నిజం చెప్పడం నేర్చుకుంది. అది అనుకున్నంత తేలిక కాదు. అందరికంటే కష్టం కొండమ్మకొచ్చింది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో మొగుడి పేరు నోటితో అని ఎరగదు. మా భాగ్యమ్మ ఆవిణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకుని, "ఈయన నా భర్త, పేరు భూషణం. ఇంతే వదినా. చెబితే ఆయుష్షేం తగ్గదు. నేను రోజుకి పదిసార్లు అంటాను, మీ అన్నయ్యకి ఏమైంది?" అని నేర్పింది. ఆవిడ 'ఈయన' దగ్గరే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సోమవారానికి గోడవైపు తిరిగితే మొత్తం చెప్పగలిగింది. "మావా, నువ్వు మూడేళ్లు రాకపోయినా ఫరవాలేదు గానీ సొంత పడవతో రా" అని కొండమ్మ భూషణంతో అన్న మాట భాగ్యమ్మ నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

మంగళవారం పది గంటలకి వీరాంజనేయులు వచ్చాడు. ఆ రోజు ఒక్క పడవ కూడా వేటకి వెళ్లలేదు. నాంచారయ్య ఎదురెళ్లి, "భూషణం ఇల్లు చూపిస్తాను రండి" అని సైకిలు తనే నడిపించుకొచ్చాడు. ఒరిస్సాలో చంపిన ముసలాయన, "పుట్టినప్పుడు బొడ్డు కోసింది మా అత్తేనండి" అని సాక్ష్యం చెప్పాడు. అడగనివాళ్లు కూడా వచ్చి చెప్పి వెళ్లారు. నేను పదకొండేళ్ల మాట తలొంచుకుని చెప్పి సంతకం పెట్టాను. వీరాంజనేయులు భూషణం అరుగు మీద కూర్చుని అన్నీ రాసుకున్నాడు. మొహంలో బిగువు తగ్గింది. కొండమ్మ కొత్త చీర కట్టుకుని, ఆకులో వేయించిన చేపముక్కలు తెచ్చి ముందు పెట్టింది. శ్రీను కొబ్బరిచెట్టెక్కి బొండాలు దింపి, ఒకటి కొట్టి ఆయన చేతికిచ్చాడు.

బొండాం తాగి, మూతి తుడుచుకుని, ఆయన కాగితం మీద ఆఖరి గీత దగ్గర కలం ఆపాడు. అక్కడ సంతకం పడితే భూషణం ఊళ్లో ఉన్నట్టే. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం.

"ఇంకో చిన్న పనుంది. ఎట్టాగూ వెళ్తున్నావు గదా, అది కూడా చూసుకురమ్మన్నారు" అని జేబులోంచి ఇంకో చీటీ తీశాడు. "వల కోసిన కేసు. శ్రీను అంట. ఇల్లెక్కడ భూషణం?"

శ్రీను రెండో బొండాం కొట్టడానికి కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. భూషణం వాడివైపు చూడలేదు. అయ్యప్పవైపూ చూడలేదు. కానిస్టేబులు చేతిలో కలంవైపు మాత్రం చూశాడు, నేను గమనించాను.

"ఆ పేరు గలవాళ్లు ఈ ఊళ్లో లేరండి" అన్నాడు.

వీరాంజనేయులు కలం మూత పెట్టాడు. "ఈ బొండాం కొట్టినాయన పేరేంటి?"

"మా చుట్టాలబ్బాయండి. పై ఊరు."

"పై ఊరివాడికి పేరుండదా?"

శ్రీను నోరు తెరవబోయాడు. భూషణం అప్పుడు వాడివైపు ఒక్క చూపు చూశాడు. చుక్కాని దగ్గర కూర్చున్న రోజుల్లో కలాసీలని చూసే చూపది. వాడు నోరు మూసుకున్నాడు.

"చూడు భూషణం" అన్నాడు వీరాంజనేయులు, గొంతు పెంచకుండానే. "నేను ఆ కుర్రాణ్ణి ఉరి తీయడానికి రాలేదు. స్టేషనుకి తీసుకెళ్లి రాయించుకుని పంపిస్తాం. నాకు కావాల్సింది ఒక్క నిజం. శ్రీను ఉన్నాడంటే నువ్వూ ఉన్నావని రాస్తాను. శ్రీను లేడంటే ఇంతసేపూ మీరు చెప్పిందంతా మళ్లీ అబద్ధమేనని రాస్తాను. అబద్ధాలాడే ఊళ్లో నీ ఒక్కడి మాటే నిజమని నేనెట్టా నమ్మేది?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయ్యప్పని తీసుకెళ్లిన రోజున కూడా రాయించుకుని పంపిస్తామనే అన్నారు.

భూషణం కాసేపు కాగితంవైపు చూశాడు. ఆ కాసేపట్లో ఆయన కళ్ల ముందు ఏ పడవ ఉందో, దానికి ఏ రంగు వేసి ఉందో నాకు తెలియదు. తర్వాత, "అట్టాగే రాసుకోండి. భూషణం అనే మనిషి ఈ ఊళ్లో లేడు" అన్నాడు.

వీరాంజనేయులు ఇది ఊహించలేదు. ఆయన విసుగ్గా కొండమ్మవైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఈయన ఎవరు?"

నాలుగు రోజులు గోడతో చెప్పిన మాట ఆవిడ నోటి చివర సిద్ధంగా ఉంది. మా భాగ్యమ్మ పక్కనే నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. కొండమ్మ మొగుడి మొహంలోకి చూసింది. ఇరవై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి, ఆవిడకి ఆయన మొహం చదవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఎవరో తెలీదండి" అంది. "దాహమని అరుగు మీద కూర్చుంటే మంచినీళ్లిచ్చాను."

వీరాంజనేయులు అప్పటిదాకా రాసినదంతా ఒక్క గీతతో కొట్టేసి, కింద రెండు ముక్కలు రాశాడు. "భూషణం అనే వ్యక్తి ఈ గ్రామమున లేడు" అని పైకి చదివాడు. చదివి, కాగితం మావైపు తిప్పాడు. "దీనికి ఊరి మనిషి ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. ఎవరు పెడతారు?"

నాంచారయ్య వెనక్కి తగ్గాడు. నేను నా చెప్పులవైపు చూసుకున్నాను. నా సంతకం కొట్టేసిన గీత కింద ఇంకా కనబడుతూనే ఉంది. అంతకుముందు అడక్కుండానే నిజం చెప్పడానికి ఎగబడ్డ ఊరు, ఇప్పుడు ఒక్క అడుగు ముందుకి వెయ్యలేదు.

భూషణం చెయ్యి చాపి కలం తీసుకున్నాడు. ఆయనకి రాయడం వచ్చింది తన పేరొక్కటే. దాన్ని ఒక్కొక్క అక్షరం నొక్కి నొక్కి, తప్పు లేకుండా రాశాడు. వీరాంజనేయులు ఆ పేరు చూశాడు, మనిషిని చూశాడు. ఏమీ అడక్కుండా కాగితం మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. శ్రీను చీటీ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆయన చెరువు గట్టు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత కొండమ్మ కొత్త చీరతోనే మట్టిలో కూలబడి, గట్టిగా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఇప్పటికీ తెలియదు.

భూషణం ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏడవమాకే. పొద్దున్నే శ్రీను పడవ మీద పోవాలి. సద్ది కట్టు" అన్నాడు.